మామయ్య అడిగే వారం

మా మామయ్యకు ఉన్నది ఒకటే జాడ్యం. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఇవాళ ఏ వారం?" అని అడగడం.

ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దిన మనిషి. అడుగు వినబడదు, గొంతు పెదవి దాటదు. పొద్దున్నే మేమంతా పరిగెత్తే మైదానంలో కంకర మా అందరి కాళ్ళకిందా కరకరమంటుంది. ఆయన కాళ్ళకింద మాత్రం నోరు మూసుకుంటుంది. తెల్లవారుజామున పొగమంచులో మెడ మీద చల్లగా ఆ ప్రశ్న పడితే ఎవరికైనా పైప్రాణాలు పైనే పోతాయి.

"మంగళవారమండీ బాబూ!" అని గుండెలు పట్టుకునేవాడు బ్యాంకు గుమాస్తా. పళ్ళ డాక్టరమ్మ దూరంనుంచే "శుక్రవారం! శుక్రవారం!" అంటూ పరిగెత్తేది. ఒకాయనైతే, వెనక ఎవరూ లేకపోయినా ఆ మాట వినిపించిందని మైదానమే మార్చేశాడు.

"పరువు పోతోంది మామయ్యా, క్యాలెండరు కొనిస్తాను," అన్నాను నేను.

"గోడమీది క్యాలెండరు జవాబు చెప్పదే!"

ఇక నా సంగతి. మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు నాకు పని మానేశాయి. ఒళ్ళు శ్రమను తట్టుకోవడానికి కావలసిన హార్మోను మాత్రల్లోంచే రావాలి. పరిగెత్తొచ్చు గానీ, ఒంటరిగా కాదు, అందుకే మామయ్య రోజూ వెంట వచ్చేవాడు; అత్యవసర ఇంజక్షను దగ్గరుండాలి; మాత్ర వాంతయిన రోజు పరుగు మాటే ఎత్తకూడదు.

ఒక ఉదయం వాంతయింది. పరుగు పోటీ దగ్గర పడిందన్న ఆత్రంలో, బుద్ధి గడ్డి తిని, నోరు కడుక్కుని, వాంతి సంగతి ఎవరికీ చెప్పకుండా మైదానానికి వెళ్ళాను.

మూడో చుట్టులో కంకర చప్పుడు ఆగిపోయింది. నా కాళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. మంచులో నా చొక్కానే తొడుక్కున్న వీపొకటి ముందు పరిగెత్తుతోంది. అది వెనక్కి తిరుగుతుందేమోనని వణికిపోయాను. అంతలో మెడ మీద చల్లగా,

"ఇవాళ ఏ వారం?"

"తెల్లది," అన్నానట.

మామయ్య రెండోసారి అడగలేదు. నన్ను పడుకోబెట్టి, జేబులోని ఇంజక్షను తొడకు చేసి, అంబులెన్సును పిలిచాడు. "దారివ్వండి!" అన్న ఆయన కేక గేటు దాకా వినబడిందట.

ఆసుపత్రిలో తేరుకున్నాక, ఆ వారం ప్రశ్న ఎందుకని అడిగాను.

"నీకు ప్రమాదం ముంచుకొస్తే మాట తికమక కావచ్చని డాక్టరు చెప్పాడమ్మా."

"నన్నొక్కదాన్నే అడగొచ్చుగా! అందర్నీ హడలగొట్టడం దేనికి?"

"నిన్నొక్కదాన్నే అడిగితే నిన్ను రోగిలా చూస్తారు. అందర్నీ అడిగితే నన్ను పిచ్చోడంటారు. అననీ, నాకేం పోయింది?"

ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. అయినా ఇంకో నాలుగు తిట్టాను.

డాక్టరు సరేనన్నాక మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. ఆ రోజు మంచులో ఇంజక్షను ఎవరి కంటా పడలేదు. "పాపం పిల్ల, ఈయన్ని చూసే దడుచుకుని పడిపోయింది," అని పళ్ళ డాక్టరమ్మ అందరికీ చెబుతోంది. మామయ్య తల వంచుకుని, "నాదే తప్పండీ," అంటున్నాడు.