పురుగుమందు డబ్బా చదివిన పిల్ల

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు మోసేదాన్నా?

మాది గుంటూరు పక్క మిరప పండించే ఊరు. పిల్లల చదువు తూచడానికి మా వాళ్లకో పద్ధతి ఉంది. స్కూలు బస్సు దిగిన పిల్లని చుట్టాల ముందు నిలబెట్టి, ఖాళీ పురుగుమందు డబ్బా చేతికిచ్చి, "దీనిమీద ఇంగ్లీషు చదవ్వే" అంటారు. తప్పు చదివినా వాళ్లకి తెలిసి చావదు. గడగడా ఏదో ఒకటి అంటే చాలు, "మా పిల్ల కలెక్టరే" అని ఎగిరి గంతేస్తారు. వెర్రి జనం! డిగ్రీ చదివినదాన్ని కదా, వాళ్లని చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. వాళ్లకంటే నేనే నీచమని అప్పటికింకా తెలియదు.

మాది ఉమ్మడి ఇల్లు. నా కూతురు హన్సిక, నా తోడికోడలు రమణ కూతురు లాస్య ఒకే ఈడు, ఒకే యూకేజీ. హన్సిక పుస్తకమంతా అప్పజెప్పేది, ఊళ్లో దాని పేరు మోగిపోయింది. లాస్య నోరు విప్పేది కాదు. ఏడాది చివర టీచరమ్మ, పిల్లల్ని ఇంట్లో చదివించి చూసి, ఒకటో తరగతికి పంపుతారో యూకేజీలోనే ఉంచుతారో చెప్పమంది. రమణ అయిదుతో బడి మానేసిన మనిషి. నా దగ్గరికే వచ్చింది.

"నాకేం తెలుసుద్ది అక్కా? నువ్వే చూడు. నువ్వెట్టా చెబితే అట్టా చేస్తా."

ఇద్దరినీ వసారాలో కూర్చోబెట్టాను. రమణ అక్కడే మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. హన్సిక గడగడా మొదలుపెట్టింది. నేను పేజీ తిప్పాను. అది పాత పేజీయే చెబుతోంది. మళ్లీ తిప్పాను. కళ్లు గోడమీద, నోట్లో అదే పాఠం. నా పిల్లకి ఒక్క ముక్క చదవడం రాదు. అంతా బట్టీ.

ఇక లాస్య. దీనికెలాగూ రాదులే అన్న కుళ్లుతో మూలనున్న ఖాళీ పురుగుమందు డబ్బా తీసి ఇచ్చాను. అది అక్షరాల మీద వేలు పెట్టి, ఆగి, కూడబలుక్కుని, "షేక్... వెల్... బిఫోర్... యూజ్" అంది. దానికెవరూ నేర్పని మాటలు. ఆ పిల్ల నిజంగా చదివింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అయిదేళ్ల పిల్లమీద ఈర్ష్య, విన్నారా?

"ఎట్టా చదివింది అక్కా?"

"తడబడతా ఉందిగా, నువ్వూ విన్నావు. అందుకోలేకపోతాంది పాపం. ఇంకో ఏడు యూకేజీలోనే ఉంచు."

"సరే అక్కా" అంది రమణ. ఆమెకి తడబాటే వినబడింది, చదువు వినబడలేదు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తర్వాత నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నానో! ఒక ఏడు ఆగితే కొంపలు మునుగుతాయా, పునాది గట్టిపడదా, ఆడపిల్ల కదా నిదానంగా ఎదగనీ అని. థూ! నాది ఆడపిల్ల కాదూ? హన్సిక బట్టీతోనే ఒకటో తరగతికి వెళ్లింది. పక్కన కూర్చుని నేర్పాను, తర్వాత చదవడం వచ్చింది. లాస్య చిన్నపిల్లల మధ్య బెంచీ చివర కూర్చుంది. బస్సులో పిల్లలు 'ఫెయిలైన పిల్ల' అన్నారు. అది నమ్మింది.

మొన్న, పదో తరగతి అయ్యాక చదువు మానేస్తానంది. ఎందుకే అంటే, "నాకు చదువు ఎక్కదు పెద్దమ్మా. చిన్నప్పుడే నువ్వు చెప్పావంటగా" అని నవ్వింది. "అక్క అప్పుడే కనిపెట్టింది" అంది రమణ, మెచ్చుకోలుగా. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే ఆ ఇంట్లో నా పెద్దరికం ఏమవుతుంది? అప్పుడూ ఇప్పుడూ నా ఏడుపు అదే.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే ఆ పిల్లకి ఒరిగేదేముంది? లాస్యకి అయిదేళ్లకే చదవడం వచ్చు. రాదన్నది నేను. ఈ రెండు ముక్కలు రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆ పిల్ల మాత్రం పక్క గదిలో, తనకి చదువు రాదనే అనుకుంటోంది.