పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీయే

ఫోన్లో నాకు ఇల్లివ్వనన్నవాళ్ళు లేరు. నా తెలుగు అలాంటిది. పుట్టి పెరిగింది విశాఖలో, మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. అద్దెకి ఇల్లుందా అని ఫోన్ చేస్తే అవతలివాళ్ళు నీళ్ళ గురించి, పార్కింగ్ గురించి, బాల్కనీలోకొచ్చే సముద్రపు గాలి గురించి ఆపకుండా చెప్పేవారు. ఒకావిడైతే నా యాస విని మీది శ్రీకాకుళం వైపా అని వరస కలపబోయింది. ఆ తర్వాత, ఫోన్ పెట్టేసే ముందు, "ఇంతకీ మీ పేరేటమ్మా" అనేవారు. చెప్పేదాన్ని. అంతసేపూ ఖాళీగా ఉన్న ఇల్లు ఆ క్షణంలో నిండిపోయేది.

మేం ముస్లింలం. కానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఉర్దూ మా ఇంట్లో పండగలకి బయటికి తీసే వెండి గిన్నెలాంటిది. వాడకం లేక నల్లబడిపోయింది. గుంటూరు నుంచి వచ్చే మా ఆయన తరఫు చుట్టాలు నా ఉర్దూ వింటూ నవ్వాపుకోడానికి మంచినీళ్ళు అడుగుతారు. వాళ్ళ లెక్కలో నేను సగం ముస్లింని. ఇళ్ళ ఓనర్ల లెక్కలో మాత్రం నూటికి నూరుపాళ్ళూ. నా మతం మీద చుట్టాలకి లేని నమ్మకం ఓనర్లకి ఉండడం చూసి నాకు ముచ్చటేసేది.

మా ఆయన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఉన్నాం. అక్కడ ఇల్లు సీనియారిటీని బట్టి వస్తుంది. మాకు కుడిపక్క భీమవరంవాళ్ళు, ఎడమపక్క ఒడిశావాళ్ళు, పైన కేరళవాళ్ళు. నీళ్ళ దగ్గర అందరం ఒకేలా పోట్లాడుకునేవాళ్ళం. సొంతిల్లు కట్టుకుందామనుకున్న డబ్బు పిల్లల చదువులకి పోయింది. అందువల్ల, ఇల్లు అద్దెకి దొరకాలంటే పేరు కూడా ఒక అర్హత అన్న సంగతి నాకు యాభై దాటాక గాని తెలియలేదు.

ఓనర్లు చెప్పే కారణాలు వింటుంటే కోపం కన్నా ముందు నవ్వొచ్చేది. ఒకాయన వెజిటేరియన్స్‌కే ఇస్తామన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక వంటింట్లోంచి చేపల పులుసు వాసన గుమ్మం దాకా వచ్చింది. ఇంకొకాయన అమ్మాయి వాళ్ళు వచ్చేస్తున్నారన్నాడు. నెల తర్వాత చూసినా టులెట్ బోర్డు అక్కడే వేలాడుతోంది, అమ్మాయి జాడ లేదు. అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది, మాకేం ఇబ్బంది లేదమ్మా, పక్కింటివాళ్ళతోనే వస్తుంది అన్న మాట. గాజువాక నుంచి మధురవాడ దాకా ప్రతి ఇంటి పక్కనా ఆ పక్కింటాయన ఉన్నాడు. ఒక్కసారి ఆ మహానుభావుణ్ణి కళ్ళారా చూడాలనుకున్నాను. ఎవరూ చూపించలేదు.

మా ఆయనతో కలిసి పనిచేసినాయన ఒకరు, బావా బావా అని పిలుచుకునేంత స్నేహం, ఒక ఉపాయం చెప్పాడు. ఇల్లు తన పేరు మీద తీసుకుంటాడట, మేం కాపురం ఉండొచ్చట, ఎవరైనా అడిగితే చుట్టాలమని చెప్పొచ్చట. మంచి మనసుతోనే అన్నాడు. మా ఆయన అప్పటికి తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నాడు, ఒప్పుకునేలా కనిపించాడు. ఇంటికొచ్చాక నేను ఒకటే అడిగాను. "రేపు నువ్వు పోతే పాతిపెడదామా, ఆయన పేరు మీద తగలబెడదామా?" ఆ సాయంత్రం మా ఆయన అన్నం తినలేదు, ఉపాయం మాటా మళ్ళీ ఎత్తలేదు.

క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిన గడువు దగ్గరికొచ్చాక మాకు ఇల్లిచ్చింది, ఏళ్ళ తరబడి మా గుమ్మంలో చేపలు అమ్మినావిడ. జాలరిపేట మనిషి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో వేలం పాటలో చేపలు కొని, నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి ఆటో మాట్లాడుకుని టౌన్‌షిప్ దాకా వచ్చేవారు. నేను అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను సెల్లీ అనేది. కొడుకు బోటు మీద బాగానే సంపాదించాక, కూతురి కోసం గాజువాక దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు కొన్నది. అల్లుడికి కాకినాడలో పని దొరికి కూతురు వెళ్ళిపోయింది. ఫ్లాటుకి తాళం. తను మాత్రం అందులో ఉండదు. ఎందుకంటే గృహప్రవేశం నాడే లిఫ్టులోకి చేపల బుట్ట ఎక్కించొద్దని చెప్పారట. బుట్ట దిగిన చోటికే నేనూ దిగుతానని చెప్పి జాలరిపేట వెళ్ళిపోయిందట.

నా సంగతి విని ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. "నా ప్లాటు కాళీగా పడుంది. నువ్వుండు" అంది. అక్కడివాళ్ళు ఒప్పుకోరేమో అప్పా అన్నాను. "ఆళ్ళెవులు ఒప్పుకోడానికి? తాళం నా దగ్గరుంటే."

ముందు జాగ్రత్తగా మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు లాయరు. ఇల్లివ్వనన్న ఓనర్ మీద కేసేసి గెలవడం కష్టం పిన్నీ అన్నాడు. కానీ ఇస్తానన్న ఓనర్‌ని ఆపే హక్కు అసోసియేషన్‌కి లేదు, కాదంటే కారణం రాసిమ్మను అన్నాడు. అంత లావు రాజ్యాంగంలో, నేను బతికే హక్కు చేపలమ్మే ఆవిడ ఆస్తి హక్కు కొంగు పట్టుకుని నడవాలన్నమాట. సర్లే, ఎవరి కొంగైతేనేం, ఇల్లు దొరికితే చాలనుకున్నాను.

సామాను లారీ అపార్ట్‌మెంట్ గేటు ముందుకి వచ్చేసరికి వాచ్‌మన్ తెరవలేదు. అతని తప్పేం లేదు, కమిటీ లెటర్ లేకుండా ఎవరినీ రానివ్వొద్దని పైనుంచి చెప్పారు. మా ఆయన ప్రెసిడెంటుకి ఫోన్ చేస్తే, మీటింగు పెట్టి చెబుతామన్నాడు. లారీ డ్రైవర్‌కి పరవాడలో ఇంకో లోడుంది. మీటింగుతో నాకేం పని అని, సామానంతా గేటు ముందు రోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయాడు.

ఏం చెయ్యాలో తోచక నేను మా సోఫాలో కూర్చున్నాను. పక్కన ఫ్రిజ్జు, ఎదురుగా బీరువా, దాని అద్దంలో నేనూ నా వెనక ఆగిన ఆటోలూ. పొద్దున్నే ఎండ మొదలైంది. స్కూటర్ ఆపి ఒకాయన సోఫా ఎంతకిస్తారని అడిగాడు. అమ్మేది కాదన్నాను. మరి ఫ్రిజ్జో అన్నాడు. మా ఆయన మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. సిగ్గు పడుతున్నాడు. నాకు సిగ్గుపడడానికి తీరిక లేదు. ఇంకెవరొచ్చి దేనికి బేరం పెడతారో అని సామానుకి కాపలా కాయడంతోనే సరిపోయింది.

కాసేపటికి కమిటీవాళ్ళు దిగి వచ్చారు. ప్రెసిడెంటుగారు పోర్టు ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మాట చాలా మర్యాద. నిలబడి ఉన్నారు కదా అని మా ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చోమన్నాను. మొహమాటపడి కూర్చున్నారు. అలా మమ్మల్ని రానివ్వాలా వద్దా అన్న మీటింగు మా ఫర్నిచర్ మీదే జరిగింది.

తమకి వ్యక్తిగతంగా ఏమీ లేదని ఆయన మొదలుపెట్టాడు. అద్దెకొచ్చేవాళ్ళని కమిటీ ఒప్పుకోవాలని రూలుందట, కమిటీ ఒప్పుకోలేదట. కారణం ఏమిటని అడిగాను. కారణం చెప్పాలని రూల్లో లేదన్నాడు.

"అయితే ఒప్పుకోలేదనైనా రాసివ్వండి. ఎందుకో కూడా రాసి, కింద అందరూ సంతకాలు పెట్టండి."

"రాతకోతలెందుకమ్మా, మనలో మనకి?"

"మనలో మనమైతే గేటు తియ్యండి. కాదంటే రాయండి. నోటితో అన్నమాట కాగితం మీద పెట్టడానికి భయమెందుకు?"

ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. ఇంకొకావిడ, పాపం, నా వైపు చూడలేక మా బీరువా అద్దంలో తన జుట్టు సరిచేసుకుంది. ప్రెసిడెంటుగారు సంతకానికి తప్ప దేనికైనా సిద్ధంగా ఉన్నట్టు కనిపించాడు.

అప్పుడు ఆటో వచ్చి ఆగింది. అప్ప దిగింది. చేపలమ్మేసి సరాసరి వచ్చిందేమో, చీర అంచు తడిగా ఉంది, ఖాళీ బుట్ట చంకలో ఉంది. మా ఆయన ఆవిడకి జరిగింది చెప్పాడు. ఆవిడ ఎవరి మీదా అరవలేదు. ప్రెసిడెంటుగారి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, బుట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"సరే బాబూ, ఈళ్ళొద్దంటే ఒద్దు. నా ప్లాటులో నానే వచ్చి ఉంటాను. నాకు ఒప్పుకోడం అక్కర్లేదు కదేటి? డాబా మీద నాకూ వాటా ఉంది. ఎండు సేపలు ఆరబెట్టుకోడానికి సోటు లేక శానా కట్టంగా ఉంది."

ప్రెసిడెంటుగారు డాబా వైపు చూశాడు. కమిటీ మొత్తం డాబా వైపు చూసింది. గాలి ఏ వైపు వీస్తోందో ఒక్కొక్కరూ లెక్కేసుకోవడం నాకు కనబడింది. ఆ తర్వాత ఎవరు తల ఊపారో తెలీదు గాని వాచ్‌మన్ గేటు తీశాడు. తీయడమే కాదు, ఫ్రిజ్జు ఒక చివర పట్టుకున్నాడు కూడా.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెబితే నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక స్టౌ వెలిగిద్దామని అగ్గిపెట్టె తీసి, పుల్ల గియ్యకుండా అలాగే నిలబడ్డాను. మేం మంచివాళ్ళమని గేటు తీయలేదు. మాకు హక్కుందనీ తీయలేదు. ఎండు చేపల కన్నా నయమని తీశారు. మా ఆయన నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, వచ్చేశాం కదా, ఇంక వదిలెయ్ అన్నాడు.

నేను వదల్లేదు. అసోసియేషన్ పెద్ద మీటింగులో ఆ రూలు తీసెయ్యమని అడిగాను. మీరు వచ్చేశారు కదండీ, ఇంకేంటి సమస్య అని అందరూ ఆశ్చర్యపోయారు. రూలు అలాగే ఉంది కదా అన్నాను. వాటర్ ట్యాంకర్ మీద చర్చకి వెళ్ళిపోయారు. మరుసటి మీటింగులో మళ్ళీ అడిగాను, ఈసారి లిఫ్టు రిపేరు మీదికి వెళ్ళారు. ఆ అపార్ట్‌మెంట్‌లో నీళ్ళూ లిఫ్టూ అంత ప్రేమగా నన్ను ఎప్పుడూ ఆదుకోలేదు, వాళ్ళని మాత్రం ప్రతిసారీ ఆదుకున్నాయి.

చివరికి రూలుని చంపింది నేను కాదు. ప్రెసిడెంటుగారికి మూడో అంతస్తులో ఇంకో ఫ్లాటుంది. దానికి బ్యాంకులో చేసే కుర్రాళ్ళు ఇద్దరు మంచి అద్దెకి వచ్చారు. ట్రెజరర్‌కీ ప్రెసిడెంటుకీ అప్పటికే జనరేటర్ విషయంలో పడడం లేదు. పెళ్ళికాని కుర్రాళ్ళకి ఇవ్వకూడదని ట్రెజరర్ అడ్డం తిరిగాడు. కమిటీ ఒప్పుకోలేదు. కారణం చెప్పాలని రూల్లో లేదు కదా, చెప్పలేదు. ప్రెసిడెంటుగారు ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. మొదటిసారి. కాఫీ తాగుతూ, "చూశారామ్మా, నా ఇల్లు నేను ఎవరికిచ్చుకుంటే వీళ్ళకేం" అన్నాడు. చాలా అన్యాయమండీ అన్నాను. మా ఆయన దగ్గు వచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి మీటింగులో ఆయనే రూలు రద్దు చెయ్యాలని ప్రతిపాదించాడు. ఓనర్ల సౌకర్యార్థం అని రాయించాడు. నేను లేచి, ఇంకో వాక్యం కూడా రాయమన్నాను. మతం, కులం, భాష చూసి ఎవరికీ ఇల్లు కాదనకూడదు అని. ఇక్కడ అలాంటివేవీ లేవమ్మా, ఎందుకు రాయడం అన్నారు. లేనప్పుడు రాయడానికి ఇబ్బందేంటన్నాను. మాటా మాటా పెరిగింది. ఓనర్ల మీటింగని అప్ప కూడా ఆ రోజు వచ్చింది, గోడకి ఆనుకుని నిలబడింది. "తిండి కూడా రాయండి" అంది. తిండి ఎందుకన్నారు. "నన్ను ఆపింది దాంతోనే కదా" అంది, అంతే.

మధ్యాహ్నం క్రికెట్ మ్యాచుంది, అందరికీ తొందరగా పైకెళ్ళాలనుంది. చేతులెత్తమంటే ఎత్తారు. నమ్మి ఎత్తినవాళ్ళెందరో, మ్యాచ్ కోసం ఎత్తినవాళ్ళెందరో నాకు తెలీదు, అడగలేదు. సెక్రటరీ అప్పటికే చుక్క పెట్టేసిన వాక్యాన్ని కొట్టేసి, తిండి కూడా కలిపి మళ్ళీ రాశాడు.

ఇప్పుడు కింది ఫ్లాటులో ఒడిశా నుంచి వచ్చిన దంపతులున్నారు. అతను పరవాడలో మందుల కంపెనీలో చేస్తాడు. ఆవిడకి తెలుగు ఇంకా రాదు. మొదట్లో నాతో హిందీలో మాట్లాడబోయి, నా హిందీ విని ఆగిపోయింది. ఇప్పుడు రోజూ మెట్ల మీద కూర్చుని నా దగ్గర తెలుగు నేర్చుకుంటోంది. నేను నేర్పుతున్నది ఏ తెలుగో తెలిసి మా ఆయన తల పట్టుకుంటున్నాడు. మొన్న ప్రెసిడెంటుగారు లిఫ్టు దగ్గర ఆవిణ్ణి పలకరిస్తే, "ఏటి బాబూ, నీళ్ళు రాలేదు, ఏటి సేత్తన్నారు" అని నిలదీసిందట. ఆయన వచ్చి నాకు ఫిర్యాదు చేశాడు. నీళ్ళు నిజంగానే రాలేదని చెప్పాను.