తిరుమలగిరి ఏసోబు హోటల్

తిరుమలగిరి అంగడికి వచ్చిన ఎద్దుకు కూడా ఏసోబు హోటల్ దారి తెలుసని చెప్పుకునేవారు. ఆ హోటల్ పగలంతా కునికిపాట్లు పడుతూ ఉండి, పొద్దు వాలాక ఒళ్లు విరుచుకుని లేచేది. బండ్లవాళ్లు, ఆఖరి బస్సు డ్రైవర్లు, టూరింగ్ టాకీసులో ఆట వదిలాక వచ్చే జనం, ఇంట్లో పెళ్లాంతో మాట పడలేక ఇంకాసేపు బయటే గడుపుదామనుకునే మగాళ్లు, అందరికీ అదే నెలవు. ముప్పై నలభై ఏళ్లు అట్లాగే నడిచింది. ఇప్పటికీ పెద్దవాళ్లు నలుగురు కూర్చుంటే ఆ చాయ్ మీద తేలే మలాయి గురించి లొట్టలేస్తూ చెబుతారు. ఆ హోటల్ మొదటి ఏడాదే మూతపడబోయిందనీ, ఆ పుణ్యం తమ పెద్దలదేననీ మాత్రం ఒక్కరి నోటా రాదు. మలాయి రుచి గుర్తున్నంతగా మిగతావి గుర్తుండవు కాబోలు!

ఏసోబుది ఊరి చివర, చర్చి పక్కనున్న వాడ. చిన్నతనమంతా తండ్రి వెంట దొర గడీకి వెట్టికి పోయాడు. మీసాలు మొలిచే వయసులో ఒకనాడు గడీకి మోయవలసిన గడ్డిమోపును దారి పక్కన దించేసి, అటు నుంచి అటే పట్నం పారిపోయాడు. హైదరాబాదులో రైలు స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో కప్పులు కడిగే పనికి కుదిరాడు. కొన్నేళ్లకు సమోవార్ దగ్గరికి చేరాడు. సమోవార్ అంటే కడుపులో బొగ్గులు మండుతూ చుట్టూ నీళ్లు మరిగే పెద్ద రాగి పాత్ర. దాని ముందు నిలబడ్డవాడే హోటల్‌కు రాజు.

ఆ హోటల్లో చలువరాతి బల్లలు, గోడల నిండా నిలువుటద్దాలు, ఎంత పొద్దుపోయినా ఆరని దీపాలు. సినిమా చూసి వచ్చినవాళ్లు, రైలు దిగినవాళ్లు, పాట కచేరీ నుంచి వచ్చి ఇంకా తలలూపుతూనే ఉన్నవాళ్లు, ఎక్కడెక్కడి జనమూ అక్కడికే చేరేవారు. టాంగా తోలేవాడూ వకీలూ ఒకే బల్లకు మోచేతులు ఆనించి, చాయ్‌ని సాసరులో ఒంపుకుని ఊదుకుంటూ తాగేవారు. నువ్వెవరి బిడ్డవు, ఏ వాడవాడివి అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. మొదట్లో ఏసోబు ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు. పోనుపోను ఆ సందడి లేనిదే అతనికి నిద్ర పట్టకుండా పోయింది.

అతని పెళ్లాం సుక్కమ్మ మాత్రం ఊళ్లోనే ఉంది. ఏసోబు క్రిస్మసుకు వచ్చి నాలుగు రోజులుండి పోయేవాడు. ఆమె పట్నం రానని మొండికేసింది. దొరల మీద తిరగబడ్డ సంఘం రోజుల్లో రోకళ్లు పట్టుకుని రజాకార్లకు ఎదురుపోయిన ఆడవాళ్లలో ముందు నడిచిన మనిషి సుక్కమ్మ. అట్లా పోరాడి వెట్టి లేకుండా చేసుకున్న ఊరిని వదిలి ఎక్కడికో ఎందుకు పోవాలి అనేది ఆమె మాట. అదీ న్యాయమే.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వస్తున్నదని పట్నమంతా గుప్పుమంది. ఆ వారంలో ఇరానీ హోటల్ తలుపులు మూశారు. ఎన్నడూ ఆరని ఆ దీపాలు ఆరిపోవడం చూసి ఏసోబుకు పెళ్లాం మీద బెంగ ముంచుకొచ్చింది. హోటల్ యజమాని సేఠ్ మంచివాడు. మూలన పడి ఉన్న పాత సమోవార్‌ను, కొన్ని కప్పులూ సాసర్లను ఇచ్చి, దువా చేసి పంపించాడు.

అట్లా అంగడి మైదానం ఒడ్డున తాటాకుల పందిరి కింద హోటల్ వెలిసింది. చలువరాయి దొరకలేదు కాబట్టి షాబాదు బండలతో బల్లలు వేయించాడు. తుమ్మచెక్కతో రెండు పొడుగాటి బెంచీలు చేయించాడు. సంఘం దళాల కోసం గాలిస్తున్న మిలిటరీ క్యాంపు దగ్గరలోనే ఉండేది. పొద్దుగుంకితే ఎవరూ బయట తిరగకూడదని వాళ్ల ఆర్డరు. పట్నంలో దీపాలు పెట్టాక మొదలయ్యే సంబరం ఇక్కడ దీపాలు పెట్టకముందే ముగించాల్సి వచ్చేది. అందుకూ ఏసోబు సర్దుకున్నాడు. సర్దుకోలేనిది వేరే ఉంది.

చాయ్ వాసనకు అంగడి అంగడే ఒళ్లు మరిచిపోయింది. కానీ ఊరివాళ్లు లోపలికి రారే! ఇళ్ల నుంచి ఇత్తడి చెంబులు తెచ్చుకుని పందిరి బయట నిలబడేవారు. ఏసోబు వాటిని తాకకుండా పైనుంచి ధార కట్టి పోయాలి. మరిగే చాయ్‌కి ఇత్తడి భగ్గుమనేది. కండువా కొసతో పట్టుకుని, మూతి కాల్చుకుని, ఒంటికాలి మీద గెంతుతూ తాగేవారు. సంఘం సభలో మనుషులంతా ఒక్కటేనంటే రెండు చేతులూ ఎత్తింది కూడా వీళ్లే. ఊరివాళ్లు బయట నిలబడితే తామెట్లా కూర్చోవాలని వాడ జనం కూడా దడి పక్కకు పోయి తాగేవారు. బెంచీలు మాత్రం ఖాళీగా పడి ఉండేవి.

ఏసోబుకు మొదట్లో ఇది నవ్వులాటగానే ఉంది. "నిన్నటిదాక మన దోసిట్లకు నీళ్లు పైనుంచి పోసిన్రు. ఇయ్యాల మనం ఆళ్లకు చాయ్ పైనుంచి పోస్తున్నం" అన్నాడు పెళ్లాంతో.

సుక్కమ్మ నవ్వలేదు. "పోసుడు ఎవ్వలు పోస్తె ఏంది? పైనుంచి పోసుడే గద! నీ బెంచీల మీద మనిషి కూసోవాలె."

ఆ మాట ఏసోబుకు ముల్లులా దిగింది. బెంచీ మీద మనిషి కూర్చోని హోటల్ హోటలేనా? దసరా దాకా చూస్తాననీ, అప్పటికీ ఎవరూ కూర్చోకపోతే సమోవార్ ఎత్తుకుని పట్నం వెళ్లిపోతాననీ తేల్చి చెప్పాడు. తాను రానని సుక్కమ్మ కూడా తేల్చి చెప్పింది. ఇన్నేళ్లకు ఒక్క ఇంటి కప్పు కిందికి చేరిన మొగుడూ పెళ్లాలు! రోజు గడిచేకొద్దీ ఇద్దరికీ గుండెల్లో గుబులు పెరిగింది.

దసరా ముందు అంగడి రోజున రఘుపతి పటేలు వచ్చాడు. అతను రాక రాక వచ్చాడు. ఇంట్లో తల్లి నర్సింగమ్మంటే అతనికి హడలు. అంగట్లో చాయ్ తాగాడని తెలిస్తే గడప తొక్కనివ్వదని భయపడి, ఇన్నాళ్లూ వాసన పీలుస్తూ తిరిగాడు. ఆ వేళ ఇక ఆగలేక, ఇంటి బావి దగ్గర మెరుస్తున్న చెంబునొకదాన్ని చప్పుడు కాకుండా కండువా కిందికి తోసేసి వచ్చాడు. దర్జాగా చెంబు ముందుకు చాపాడు.

"పొయ్యిరా ఏసోబూ. పై నుంచి పొయ్యి."

ఏసోబు ధార కట్టి పోశాడు. పటేలు ఊదుకుని ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మాడు. చెంబులోకి చూస్తే పాలు ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి.

"ఇరిగినయ్! వీని చేతుల పాలు ఇరిగినయ్!" అని అంగడంతా వినబడేలా అరిచాడు. "ముందే అన్న, ఆళ్ల చెయ్యి అచ్చిరాదని!"

పక్కనున్న చెంబుల్లో చాయ్ చక్కగానే ఉంది. అయినా ఎవడు చూసుకుంటాడు? ఒకడు చెంబు బోర్లించాడు. అతన్ని చూసి ఇంకొకడు. చూస్తుండగానే పందిరి ముందు నేలంతా చాయ్ అయింది. ఏసోబు ఒక కప్పులో పోసి తానే తాగి చూపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. పట్నంలో వేలమందికి చాయ్ పోసిన చెయ్యి అతనిది. ఆ చేతిని పట్టుకుని ఇంత మాటంటే కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సుక్కమ్మ కొంగు నడుముకు దోపింది. రోకలి అందుబాటులో లేకపోవడం పటేలు అదృష్టం.

అప్పుడే మందిని తోసుకుంటూ నర్సింగమ్మ వచ్చింది.

"నా చెంబెవడెత్కపోయిండ్రా? బాయికాడ చింతపండు రుద్ది పెట్టిన. నీళ్లు తోడెటంతల మాయం!" కొడుకు చేతిలోని చెంబు మీద ఆమె చూపు పడింది. లాక్కుని లోపలికి చూసింది. వేలు పెట్టి గీరితే అడుగున చింతపండు గుజ్జు వచ్చింది. "ఇది కడగలేదు కదరా! పుట్టి బుద్ధెరిగి ఒక్క గిన్నె తోమినవా? చింతపులుసుల చాయ్ పోయించుకోని పాలిరిగినయని లొల్లి చేస్తున్నవా?"

అంగడి గొల్లుమంది. పటేలు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా సవరించుకున్నాడు. చాయ్ ఒలకబోసుకున్నవాళ్లు తమ ఖాళీ చెంబులు చూసుకుని ఇంకా గట్టిగా నవ్వారు.

సుక్కమ్మ నవ్వలేదు. నేరుగా నర్సింగమ్మ ముందుకు వచ్చి నిలబడింది. "పటేలమ్మా, చెంబు మీది, పులుపు మీది. నింద నా మొగనికెట్లొచ్చె? గిప్పుడు ఏం చేద్దాం?"

నవ్వులు ఆగిపోయాయి. నర్సింగమ్మ అంత తొందరగా తేల్చుకోలేకపోయింది. బెంచీ వైపు చూసింది, మంది వైపు చూసింది, తడిసిన నేల వైపు చూసింది. పుట్టిన నాటి నుంచి బయటి నీళ్లు ముట్టని మనిషి. పాపం, ఆమె కష్టం ఆమెది.

"నింద మోపినంక ఊకెనే ఇంటికెట్ల పోత?" అని చెంబు కింద పెట్టింది. "మీ కప్పులనే పొయ్యమను."

లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఏసోబు ఈసారి పైనుంచి కాదు, కప్పును దగ్గరికి పట్టుకుని నిండుగా పోశాడు. సాసరులో ఎట్లా ఒంపుకోవాలో చూపించాడు. ఆమె ఊదుకుని ఒక గుటక మింగింది. అంగడంతా ఆమె గొంతు వైపే చూస్తోంది. ఆమె రెండో గుటక కూడా మింగింది.

"గింత కమ్మటి దాన్ని చెంబులల్ల పట్టుకోని మూతులు కాల్చుకున్నర్రా సన్నాసులారా!" అని, "నువ్వు గట్ల నెత్తి మీద నిలబడితె నాకు మింగుడు పడది, కూసో" అంటూ సుక్కమ్మ కొంగు పట్టి లాగింది. సుక్కమ్మ కూర్చుంది. తన మొగుడి హోటల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఏసోబు పట్నంలో లాగా గొంతెత్తి "దో చాయ్!" అని కేకేశాడు. అందుకునేవాడెవడూ లేక తానే పరుగెత్తి తెచ్చాడు.

ఇక దడి పక్కనున్న వాడ జనం లోపలికి వచ్చారు. బండి తోలే భిక్షపతి బెంచీ కొసన సర్దుకున్నాడు. ఊరివాళ్లూ ఒకరి వెనక ఒకరు, ఏదో పనుండి వచ్చినట్టు మొహాలు పెట్టుకుని దూరారు. రఘుపతి ఒక్కడే బయట మిగిలాడు.

"ఏందిరా గుడ్లప్పగించి చూస్తున్నవ్? చెంబు కడుక్కోని రా" అంది తల్లి.

పటేలు హోటల్ వెనక బానలోంచి నీళ్లు ముంచుకుని, నలుగురూ చూస్తుండగా చెంబు కడిగాడు. తిరిగి వచ్చేసరికి రెండు బెంచీలూ నిండిపోయి ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకు చూసి, చివరికి భిక్షపతి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"జర జరుగు, భిక్షపతీ" అన్నాడు మెల్లగా.

భిక్షపతి ఒక క్షణం అతని మొహంలోకి చూశాడు. తరువాత జరిగాడు. పటేలు కూర్చున్నాడు.

పొద్దుగుంకే వేళ మిలిటరీ వాళ్లు ఈల ఊదుకుంటూ వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు. అందరూ వెళ్లాక సుక్కమ్మ కప్పులు ఏరుతుంటే ఏసోబు బెంచీలను చేత్తో నిమురుతూ, "రెండు చాల్తలేవే, ఇంకొకటి చేపియ్యాలె" అన్నాడు.

సుక్కమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పొడుగ్గ చేపియ్యి" అంది.