ఏడో నంబరు కొక్కెం

బస్సు చెడిపోయి అందరం నడక మొదలుపెట్టినప్పుడు తోడయ్యాడు ఆ తాళాల మేస్త్రీ. మాట్లాడుతున్నంతసేపూ జేబులోని తాళంచెవులను తడుముతూనే ఉన్నాడు. చెల్లెలి ఆపరేషన్ వాయిదా పడటంతో, ఆస్పత్రి పక్క హోటల్లో ఇవాళ్టికి తీసుకున్న గదిని నిన్ననే రద్దు చేసుకున్నాడట. ముందే కట్టిన డబ్బు తిరిగొస్తేనే ఆమెకు మందులు. నాకూ గది కావాలి గనక ఇద్దరం కలిసే ఆ హోటల్ మెట్లెక్కాం.

“పైసా కూడా రాదు పెద్దాయనా. మీ కోసం గది ఖాళీగా ఉంచి మేమే నష్టపోయాం,” అన్నాడు గుమస్తా. మేస్త్రీ అలవాటు కొద్దీ గుమస్తా వెనకున్న తాళంచెవుల పలకను వరసగా చూశాడు. “రసీదులో ఏడో నంబరని రాశారు కదా బాబూ, ఆ కొక్కేనికి తాళంచెవి లేదే? లోపల ఎవరున్నారు?” గుమస్తా పలకకు అడ్డంగా జరిగాడు. “ఒకే గదికి ఇద్దరి దగ్గరా వసూలు చేస్తారా నాయనా? ఫిర్యాదు రాసే పుస్తకం ఇటివ్వు.” పుస్తకం రాలేదు, డబ్బు వచ్చింది. దాన్ని జేబులో తాళంచెవుల మధ్య కుక్కుకుని, వెళ్లొస్తానని నాతోనైనా అనకుండా, ఎదుటి మందుల షాపు వైపు నడిచాడు.