సత్తు పడవకు వేలెడు సందు

మొన్న పొద్దుగాల మిఠాయి డబ్బా పట్టుకొని మేస్త్రి మామ ఇంటికి పోయిన. పెండ్లయిన తొమ్మిదేండ్లకు నా బిడ్డ హనుమకొండ దవాఖానల ఆడపిల్లను కన్నది. సంబురంతోని నా కాలు నేల మీద నిలుస్తలేదు. దర్వాజ ముందట అన్ని చెప్పులు చూసి, మామ ఇంట్ల కూడా ఏదో శుభకార్యమే అనుకున్న. లోపట మామ చాప మీద ఉన్నడు. తెల్లారంగనే పాణం పోయిందట. అత్త నా చేతిల డబ్బా చూసి, "ఇది వింటే ఎంత ఖుషీ అయ్యేటోడో" అని ఏడ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు, వడ్రంగి. మా గల్లీలందరికీ మామనే. నేను ఐదో క్లాసు చదివి, చెరువు కాడ సర్కారు పడవ నడిపేటోణ్ణి. అల్యూమినియంది, మేం సత్తు పడవ అనేటోళ్ళం. ముప్పై ఏండ్ల కింద దాని వెనుక ఇంజన్ బిగించే పలక పుచ్చిపోతే మామే బాగుచేసిండు. చివికిన చెక్కంత ఉలితోని తోడేసిండు. రేకు తెల్లటి పొడై రాలుతుంటే గీకి, బొక్కలు పడ్డ కాడ కొత్త రేకు అతికిండు. "ఇనుము తాకితే సత్తును తింటది" అని ప్రతి బోల్టు కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టిండు. కొత్త టేకు పలకకు నూనె తాగించి, పడవ లోపలి దిక్కు పలక కింద వేలెడు సందు వదిలిండు.

"పడవకు సందేంది మామా? ముంచుతవా మమ్ముల?"

నోట్లె మేకు పెట్టుకొనే నవ్విండు. "బయటి నీళ్ళు దాంట్లకెళ్ళి రావు అల్లుడా. చెక్క తాగిన నీళ్ళు పోవాలె కదా. లేకుంటే లోపల్నే కుళ్ళుతది."

నాకే ఎక్కువ తెలుసనుకున్న. ఆయన పని ముగించి ఇంటికి పోయినంక ఆ సందుల డాంబరు కూరిన.

రెండు వానకాలాలు గడిచినయి. మా ఆఫీసు పెద్దసారు ఎక్కిన రోజే పలక చిట్లి ఇంజన్ ఒరిగింది. తెడ్డేసుకుంట ఒడ్డుకొచ్చినం. నలుగురు పిల్లలున్న ఇల్లు నాది, నౌకరి పోతదని భయమైంది. "మేస్త్రి పుచ్చు చెక్క పెట్టిండు సార్" అన్న.

మామను పిలిపించిండ్రు. పలక విప్పితే చెక్క నానిన రొట్టె లెక్క ఊడొచ్చింది. కింద నా డాంబరు, నేను వత్తిన బొటనవేలి గుర్తుతో సహా. మామ నా దిక్కు ఒక్కసారి చూసిండు.

"తప్పు నాదే సార్. చెక్క పూర్తిగ ఆరకముందే పెట్టిన" అన్నడు.

వారం రోజులు కూసొని మళ్ళ చేసిండు. మళ్ళెప్పుడూ సర్కారు పని ఆయనకు రాలే. గల్లీల "పుచ్చు మేస్త్రి" అని ఎక్కిరిస్తుంటే నేను తల వంచుకొని విన్న. చెప్దామని ఎన్నిసార్లు పోయిన్నో! కూసోకముందే, "బిడ్డ ఎట్లున్నది అల్లుడా? ఫికర్ చెయ్యకు, ఆమె కడుపు పండాలని రోజూ ప్రార్థనల పెడుతున్న" అనేటోడు. చాయ్ తాగి లేచొచ్చేటోణ్ణి.

మొన్న ఆ మిఠాయితోని ఆ మాట కూడా తీసుకపోయిన. ఒక్క పూట ముందు పోయినా చెప్పేటోణ్ణి. ఇగ మీకే చెప్తున్న: ఆ చెక్క మంచిది, మామ చెయ్యి మంచిది. కుళ్ళబెట్టింది నేను.

మట్టి వేసి వచ్చి, చెరువు కాడికి పోయిన. పాత పడవ ఒడ్డు మీద ఉన్నది. వాన పడ్డట్టున్నది, పడవంత తడిసున్నది. మామ రెండోసారి పెట్టిన పలకను తట్టి చూసిన, గట్టిగనే ఉన్నది. దాని కింది సందులకెళ్ళి ఒక్కొక్క బొట్టు కారుతున్నది.