పదికి రెండు

కర్నూలులో కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకుని కోయిలకుంట్లకు వచ్చాక, నన్ను పలకరించే మనిషి ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కతే. రోజు విడిచి రోజు వచ్చేది. మా ఆయన పోయి రెండేళ్లు. కిరాణా అంగడి వెనకే ఇల్లు, మధ్యలో మూడు మెట్లు. ఆ మూడూ ఎక్కగలిగితే అంగడి తెరుస్తాను, లేదంటే ఈ మంచమే గతి.

"నొప్పి పదికి ఎంతుండాది పెద్దమ్మా?" అని వచ్చీరాగానే అడిగేది.

"రెండు" అనేదాన్ని.

నలభై ఏళ్లు అంగడిలో కూర్చున్నదాన్ని. కొన్న ధర అడిగినవాడికి ఏనాడైనా నిజం చెప్పానా? బయటివాళ్లకు అసలు అంకె చెప్పడం నా నోటికి రాదు. రెండేనన్నానని డాక్టరు మాత్రలు తగ్గించాడు. ఆ అమ్మాయి ముందు పళ్లు బిగబట్టి కాలు వంచేదాన్ని. అటు వెళ్లగానే మోకాలి కింద దిండు పెట్టుకుని కదలకుండా పడుకునేదాన్ని. తొడ కండ చిక్కిపోయింది.

మూడో వారం కొలిచి చూస్తే, మోకాలి వంపు డెబ్బై డిగ్రీలు దాటలేదు, ఈపాటికి తొంభై రావాలట.

"రెండు నొప్పికి ఇంత బిగుసుకోదు. ఇట్లే ఉంటే మత్తిచ్చి వంచాల్సి వస్తాది. నిజం చెప్పు పెద్దమ్మా" అంటూ మంచం మీద నా పక్కనే కూర్చుంది.

"ఎనిమిది" అన్నాను. అన్నాక సిగ్గు విడిచి ఏడ్చాను. మా ఆయన పోయాక ఎవరి ముందూ అలా ఏడవలేదు.

"మాత్ర పండుకునేదానికి గాదు, ఏసుకున్న అరగంటకు కాలు వంచేదానికి" అంది. డాక్టరుతో మాట్లాడి మాత్రలు పెంచించింది. దిండు లాగేసి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, తొడ బిగించి పది లెక్కపెట్టమంది. గింజలు కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అనడం మా అలవాటు. "లాభం, రెండు, మూడు" అని మొదలుపెడితే తెగ నవ్వింది.

రెండు నెలలకు మెట్లెక్కి అంగడి తెరిచాను. గల్లాపెట్టె దగ్గర కింద పరిచిన పరుపు మీద కూర్చోలేను కాబట్టి కుర్చీ వేసుకున్నాను. "ఇంక నాతో పని లేదు పెద్దమ్మా" అని ఆ అమ్మాయి వెళ్లిపోయింది. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం దిగులేసింది.

గిరాకీలు చక్కెర అడుగుతారు, కందిబేడలు అడుగుతారు. నొప్పి ఎంతని ఎవరూ అడగరు. పొద్దున మాత్ర వేసుకుని నన్ను నేనే "పదికి ఎంత?" అని అడుగుతాను. మా ఆయన కూర్చునే పరుపు వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెబుతాను. ఈరోజు మూడు.