వెనక తలుపులు లేని బండి

నా చిన్నప్పుడు, ఇందుకూరుపేట పక్కన మా ఊళ్ళో రెండే కార్లుండేవి. రెండూ పక్కపక్క ఇళ్ళవే. ఒకటి మా తాతయ్య అమెరికా బండి. మదరాసులో ఎవరో జమీందారు వాడి వదిలేస్తే ఈయన మోజుపడి తెచ్చుకున్నాడు. పొడవు సంగతి చెప్పాలంటే, దాన్ని వాకిట్లో పెడితే గడ్డి బండి వెళ్ళడానికి దారి మిగిలేది కాదు. మీట నొక్కితే అద్దాలు వాటంతటవే పైకి లేచేవి. ఊరికి ఇంకా కరెంటు రాలేదు గానీ మా కారు అద్దాలకు మాత్రం వచ్చిందని తాతయ్య మురిసిపోయేవాడు. రెండోది పక్కింటి సాయిబు మామది, జర్మనీలో చేసిన చిన్న బండి. బోర్లించిన కొబ్బరి చిప్పలా ఉండేది. ఆయనకు నెల్లూరులో తోళ్ళ వ్యాపారం.

సాయంత్రమైతే మా అరుగు మీద ఈ రెండు దేశాలకూ యుద్ధం. మా తాతయ్య లెక్కలో భద్రమంటే బరువు. ఎద్దు వచ్చి గుద్దినా తన కారుకు సొట్ట పడదనీ, లోపల మనిషి కోటలో ఉన్నట్టేననీ వాదించేవాడు. సాయిబు మామ లెక్కలో భద్రమంటే అదుపు. అంత ఇనుమును పరిగెత్తించడం కాదు, కావలసిన చోట ఆపడం గొప్ప అనేవాడు. ఇంజను వెనక ఉంది గనక ఇసకలో తన బండి పట్టు తప్పదనీ, నీళ్ళు పోసే పని లేదు గనక మండుటెండలో కూడా మరిగి ఆగిపోదనీ మురిపెంగా చెప్పేవాడు. మరి చిన్న మర విరిగితే మదరాసు దాకా పరిగెత్తాలి కదా అని తాతయ్య ఎత్తిపొడిచేవాడు. ఊళ్ళో సగం మంది అటు, సగం మంది ఇటు. వాళ్ళలో కారెక్కిన వాళ్ళు మాత్రం చాలా తక్కువ.

సాయిబు మామ భార్యను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె ఘోషా పాటించేది. మగవాళ్ళ ముందుకు వచ్చేది కాదు గానీ నన్ను మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వేది. వాళ్ళ నాయనకు బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలుండేవట. పెళ్ళికి ముందు ఆమె బతుకంతా పడవల మీదే. కాలువలో నీళ్ళ ఎత్తు మార్చి పడవలు దాటించే లాకుల సంగతి ఎంత ఇష్టంగా చెప్పేదో! లాకు తలుపుకు ఒక పక్క నీళ్ళు ఎక్కువా, ఇంకో పక్క తక్కువా ఉన్నంతసేపు పదిమంది మగవాళ్ళు తోసినా అది కదలదు. రెండు పక్కలా నీళ్ళు సమానమయ్యాక ఒక్క మనిషి తోస్తే తెరుచుకుంటుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉండేది.

ఒకసారి నిజంగానే జర్మనీ బండిలో ఏదో విరిగింది. ఆ సామాను కోసం సాయిబు మామ మదరాసు వెళ్ళాడు. ఆ మధ్యలోనే మైపాడు వైపున్న అత్త చెల్లెలు ప్రసవించిందని కబురు వచ్చింది. తాతయ్యకు పండగే. నమ్మకమైన బండి ఏదో ఇప్పుడు తెలిసిందా అని గోడ అవతలికి వినపడేలా అని, తానే తీసుకెళతానన్నాడు. తోడుగా నన్ను ఎక్కించారు. వెనక సీటుకు పరదాలు కట్టారు. దుమ్మూ, చూపులూ లోపలికి రాకుండా అద్దాలు పైకి ఎత్తారు. అత్త ఒళ్ళో బాలింతకు చేసిన సొంఠి మిఠాయి డబ్బా ఉంది. నల్ల బురఖాలోంచి సొంఠి వాసన వస్తుంటే నాకు నోరూరింది.

కాలువ దాటడానికి అక్కడ వంతెన లేదు. రెండు పడవలు జతచేసి పైన చెక్కలు పరిచిన బల్లకట్టు ఉండేది. బల్లకట్టు మీదికి బండి ఎక్కితే మనుషులంతా దిగి పక్కన నిలబడాలి. అది అక్కడి పద్ధతి. బల్లకట్టు వాళ్ళు వచ్చి మమ్మల్ని దిగమని అడిగారు. అక్కడ మగవాళ్ళు గుంపుగా ఉన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు.

"ఘోషా ఆడమనిషిరా, ఈ జనంలో యాడ నిలబడతాది? ఇది ఏనుగంత బండి, గాలికి పొయ్యేది కాదులే" అని తాను మాత్రం దిగాడు. అత్త గౌరవం కాపాడుతున్నాననే అనుకున్నాడు. అందులో అబద్ధం లేదు.

అవతలి గట్టు తగిలేటప్పుడు బల్లకట్టు ఒక్క కుదుపు కుదిపింది. వెనక భాగం కిందికి వంగింది. చక్రాల కింద పెట్టిన రాళ్ళు తడి చెక్కల మీద జారాయి. తాతయ్య గొప్పగా చెప్పుకున్న బరువు మొత్తం మమ్మల్ని తీసుకుని వెనక్కి దొర్లింది. నలుగురు మనుషులు ముందు భాగం పట్టుకుని వేలాడారని తరవాత విన్నాను. ఆ బరువు నలుగురికి ఆగేది కాదు.

లోపల ముందు ఆకుపచ్చగా, తరవాత నల్లగా అయిపోయింది. కాళ్ళ కింద నుంచి నీళ్ళు లేస్తున్నాయి. హారను దానంతటదే మోగడం మొదలుపెట్టింది. ఎవరూ నొక్కకుండా మోగే ఆ చప్పుడు ఇప్పటికీ నాకు కలల్లో వినిపిస్తుంది. అత్త మీట నొక్కింది. అద్దం కదలలేదు. నేను తలుపు తోస్తూ ఏడుస్తున్నాను. ఆమె నా చేతులు పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు రాదమ్మీ. నీళ్ళు సమానం కానీ. లాకు తలుపు చెప్పలా? అప్పుడదే వస్తాది. నేను చెప్పినప్పుడు ఊపిరి పట్టు."

ఆ గొంతులో భయం లేదు. నా తల దువ్వేటప్పటి గొంతే అది. నీళ్ళు నా మెడ దాటుతుంటే నన్ను పైకెత్తి పట్టుకుంది. ఊపిరి పట్టమంది. తలుపు మెత్తగా, నిజంగానే లాకు తలుపులాగా తెరుచుకుంది. వీపు మీద ఆమె అరచెయ్యి ఆనింది. ఒక్క తోపు. నేను వెలుతురులోకి వచ్చాను, ఎవరో నన్ను పట్టుకున్నారు. నా వెనకే రావలసిన అత్త రాలేదు. ఆమె బురఖా అంచు ముందు సీటు కింద ఇనుప పట్టీకి చిక్కుకుంది. బల్లకట్టు వాళ్ళు మళ్ళీ మళ్ళీ మునిగి ఆమెను తెచ్చేసరికి ఆలస్యమైంది.

కారును ఎడ్లు కట్టి లాగారు. నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కు దాన్ని కడిగి, ఎండబెట్టి, నూనెలు మార్చి తాళం తిప్పితే మొదటి తిప్పుకే స్టార్టయింది. తాతయ్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి ఆపమని కేకలు వేశాడు. అదివరకు ఆయన అలా అరవడం నేను వినలేదు. ఆ తరవాత అన్నం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మా అవ్వ ఆయన మంచం దగ్గర నుంచి కదిలేది కాదు. బావి తాడు కూడా తీసి లోపల దాచేసింది. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అలాంటి ఒక సాయంత్రం సాయిబు మామ మా అరుగు ఎక్కాడు. తాతయ్యను బయటికి పిలిపించాడు. ఇద్దరూ రోజూ కూర్చునే చోటే కూర్చున్నారు. అత్త ఆఖరున ఏమందో చెప్పమని ముందు నన్ను అడిగాడు. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత వాకిట్లో ఉన్న అమెరికా బండి వైపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ మళ్ళీ గుటక వేశాడు. మా తాతయ్య దెబ్బకు సిద్ధపడిన మనిషిలా తల వంచుకుని ఉన్నాడు.

"అన్నా, నా బండికి వెనక తలుపులు యాడుండాయి?" అన్నాడు చివరికి. "ఉండేటివి రెండు, అవీ ముందరే. ముందు సీటు మడిస్తే గాని వెనక వాళ్ళు రాలేరు. నా బండిలో పోయుంటే ఇద్దరూ పోయుందురు. నీ బండి గనక ఈ బిడ్డ దక్కింది. నీదే మంచి బండన్నా."

మా తాతయ్య అప్పుడు ఏడ్చాడు. సాయిబు మామ ఆయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. ఆ పూట తాతయ్య అన్నం తిన్నాడు. తరవాత ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. వాళ్ళిద్దరూ కార్ల గురించి మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నేను పెద్దదాన్నయ్యి, అల్లుడు వచ్చాక ఒకరోజు, పాత కార్ల పిచ్చి ఉన్న ఆ అబ్బాయి మాటల్లో ఒక సంగతి చెప్పాడు. ఆ రకం జర్మనీ బండి అడుగంతా రేకుతో మూసి ఉంటుందట. నీళ్ళలో పడితే వెంటనే మునగదట, మనుషులు బయటికి వచ్చేంతసేపు తేలుతుందట. బరువు కూడా తక్కువ గనక నలుగురు పడితే ఆగుతుందట. అతను ఆ బండి అందం వర్ణిస్తూనే ఉన్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

తన బండి గురించి సాయిబు మామకు తెలియని విషయమంటూ లేదు. ఇది మాత్రం తెలియకుండా ఉంటుందా? అన్నేళ్ళు రోజూ ఆయన మాటలు విన్న మా తాతయ్యకు మాత్రం తెలియదా? తెలిసీ ఒకరు ఆ అబద్ధం చెప్పారేమో, తెలిసీ ఇంకొకరు తలవంచి దాన్ని తీసుకున్నారేమో అని ఇప్పటికీ అనుకుంటాను. అడగడానికి ఇద్దరూ లేరు.

మా ఇంట్లో పిల్లలు ఇప్పుడు కారు కొనాలన్నప్పుడల్లా అమెరికా వాళ్ళది భద్రమా, యూరప్ వాళ్ళది నమ్మకమా అని గొడవపడి నన్ను తీర్పు చెప్పమంటారు. నేను చెప్పను. ఏ కారెక్కినా అద్దం కొంచెం దించుకుని కూర్చుంటాను. అయినా కాలువో చెరువో పక్కన వచ్చిందంటే వీపు మీద ఆ అరచెయ్యి వెచ్చగా ఆనుతుంది. నాకు భయమేస్తుంది, అయినా అది పోకూడదనిపిస్తుంది. ఎవరినైనా ఒక్క నిజంతో పడగొట్టగలిగే సమయం నాకు జీవితంలో చాలాసార్లు వచ్చింది. మాట నాలుక చివరికి వస్తుంది. అంతలో అరుగు మీద సాయిబు మామ గొంతు కదలడం కనిపిస్తుంది. ఆయన మింగినంత పెద్ద మాట నాకు ఎన్నడూ రాలేదు. నాది నేను మింగేస్తాను.